ఆన్ అయితే చాలదు: కాలేజీ ల్యాబ్ నుంచి వచ్చిన 60 పాత కంప్యూటర్ల కేస్ స్టడీ

హైదరాబాద్ శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ తన పాత ల్యాబ్ ఎత్తేస్తూ 60 డెస్క్‌టాప్‌లు పక్కన పెట్టింది. అందులో 42 హెచ్61 బోర్డు, ఐ3-3220 ప్రాసెసర్ ఉన్నవి, అంటే 2012-13 నాటి సరుకు. మిగతా 18 ఇంకా పాతవి, జీ41 బోర్డు మీద కోర్ 2 డ్యుయో. వాటితో పాటు ఎల్‌సీడీ మానిటర్లు, ఓ మూల దుమ్ము పట్టిన నాలుగైదు డబ్బా మానిటర్లు, కీబోర్డుల కుప్ప, గోనెసంచి నిండా కేబుళ్లు.

ఇవి చెడిపోయాయని తీసేయలేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. మూడో తరం ఐ3కి ఆ అర్హత లేదు. నిన్నటిదాకా పిల్లలు సీ ప్రోగ్రామ్‌లు రాసుకున్న యంత్రం ఒక తేదీ దాటగానే స్క్రాప్ లిస్టులోకి ఎక్కింది. ఆ కాలేజీలోనే కాదు, మాకు ఈమధ్య వస్తున్న లాట్‌లలో సగానికి పైగా కథ ఇదే.

కబాడీ ఆయన అప్పటికే వచ్చి కిలో రేటు చెప్పి వెళ్లాడు. కాలేజీ ఏఓ (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) మాత్రం పనికొచ్చేవి బడులకు ఇద్దామన్నారు. సికింద్రాబాద్‌లో పాత కంప్యూటర్లు బాగుచేసే మా రిఫర్బిషింగ్ బెంచికి పని అలా వచ్చింది. ఒప్పందం సింపుల్: పాసైనవి రెండు జిల్లా పరిషత్ హైస్కూళ్లకు, స్పేర్స్‌కి పనికొచ్చేవి మా దగ్గర, మిగిలింది రిజిస్టర్డ్ రీసైక్లర్‌కి. ఏ సీరియల్ నంబర్ ఎటు వెళ్లిందో కాలేజీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం రిఫర్బిషర్, రీసైక్లర్ ఇద్దరూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. కబాడీ ఆయన దగ్గర ఆ కాగితం లేదు. ఏఓ మనసు మార్చుకోవడానికి అసలు కారణం అదేనేమో!

ఎక్కడికి వెళ్తుందో తెలియకుండా టెస్ట్ లేదు

"సార్, ఇవన్నీ వర్కింగే" అన్నాడు ల్యాబ్ అసిస్టెంట్, ఒకటి ఆన్ చేసి చూపిస్తూ. అబద్ధం కాదు, ఆన్ అయింది. కానీ ఆన్ చేసి డెస్క్‌టాప్ చూపించడం పెళ్లిచూపుల్లాంటిది, ఆ పది నిమిషాలు అందరూ బుద్ధిగానే ఉంటారు.

కాబట్టి మొదట బడికి ఫోన్ చేశాం. ఏం చేస్తారు వీటితో? తెలుగు టైపింగ్, లెక్కల సార్ చూపించే జియోజెబ్రా, స్క్రాచ్, పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన పాఠాల వీడియోలు, అప్పుడప్పుడు నెట్. గది ఎలా ఉంటుంది? రేకుల కప్పు, ఏసీ లేదు, కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. చెడితే ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. దగ్గర్లో కంప్యూటర్ షాపు మండల కేంద్రంలో ఉంది, సీపీయూని ఆటోలో వేసుకుని పోవాలి.

మా పాస్ మార్కును నిర్ణయించింది ఈ చివరి జవాబే. అదే యంత్రం సికింద్రాబాద్ కంప్యూటర్ బజారు సీటీసీలో ఓ దుకాణానికి వెళ్లేదైతే కొన్ని లోపాలు చూసీ చూడనట్టు వదిలేస్తాం, ఎందుకంటే అక్కడ పక్క షాపులోనే స్పేర్ దొరుకుతుంది. పల్లెటూరి బడిలో ఒక హార్డ్ డిస్క్ పోతే ఆ కంప్యూటర్ మీద గుడ్డ కప్పేస్తారు, మళ్లీ తీయరు. అందుకే ఇక్కడ రూల్ కఠినంగా పెట్టాం: అనుమానం ఉన్న ప్రతి పార్టూ ఫెయిల్. ఫెయిల్ అయిన పార్టు పక్కకు పోతుందే తప్ప యంత్రం మొత్తం పోదు. ఈ తేడా ముందే ఖాయం చేసుకోకపోతే బెంచి మీద ప్రతిదానికీ బేరాలు మొదలవుతాయి.

పవర్ ఇవ్వకముందు

కేబినెట్ మూత తీయగానే ప్లగ్ పెట్టేయడం మా దగ్గర నిషేధం. ముందు ఆరుబయట బ్లోయర్, ముక్కుకు మాస్క్. బ్లోయర్ గాలికి ఫ్యాన్ రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే ఫ్యాన్ బేరింగ్ పోతుంది. తర్వాత కంటిచూపు. కెపాసిటర్ల తల ఉబ్బిందా, అడుగున గోధుమరంగు కారిందా, బోర్డు మీద కాలిన మరక ఉందా, యూఎస్‌బీ పోర్టుల్లో నాలుక విరిగిందా? కేబినెట్‌ని చేతిలో తిప్పితే లోపల స్క్రూ దొర్లుతున్న చప్పుడు వస్తే అది దొరికేదాకా కరెంటు ఇవ్వం. ఒక ఎస్ఎంపీఎస్‌లో, అంటే లోపలి పార్టులకు కరెంటు ఇచ్చే డబ్బాలో, ఎండిపోయిన బల్లి దొరికింది. ఈ పనిలో ఉన్నవాళ్లకు అది వింతేమీ కాదు. ఆ ఎస్ఎంపీఎస్ నేరుగా తూకానికి.

సీమాస్ బ్యాటరీ, అంటే ఆ సీఆర్2032 బిళ్ల, టెస్ట్ చేయకుండానే అన్నిటికీ కొత్తది వేశాం. ముప్పై, నలభై రూపాయల వస్తువుకి మీటర్ పెట్టి కూర్చోవడం దండగ. ఇది పోతే టైమ్ తప్పుతుందిలే అని తేలిగ్గా తీసుకుంటారు గానీ, తేదీ 2012కి వెళ్లిపోతే బ్రౌజర్ ఏ సైటూ తెరవదు, సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తుంది. బడి నుంచి మనకు వచ్చే ఫోన్ మాత్రం "నెట్ రావట్లేదు సార్" అని.

రెండు హెచ్61 యంత్రాల్లో హార్డ్ డిస్కే లేదు, చాలావాటిలో రెండో ర్యామ్ లేదు. మా చేతికి రాకముందే ఎవరో ఏరుకున్నారు. ఎవరన్నది అడగలేదు. లిస్టులో రాసి ఏఓ సంతకం తీసుకున్నాం, అంతే.

డేటా తుడవడమే డిస్కుకు పరీక్ష

ఇక్కడ కాస్త ఆగాలి. కాలేజీ ల్యాబ్ డిస్కుల్లో ఏముంటుందిలే, ప్రోగ్రామ్‌లు, పాత సినిమాలు అనుకుంటారు. కానీ స్కాలర్‌షిప్ సీజన్‌లో పిల్లలు ఈపాస్ దరఖాస్తులు నింపింది ఈ కంప్యూటర్లలోనే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఆధార్ స్కాన్‌లు, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ, కుల, ఆదాయ సర్టిఫికెట్లు, ఫైలు పేరే విద్యార్థి పేరు. ఏళ్ల తరబడి పేరుకున్నవి. ఇవి కిలో లెక్కన వెళ్లి ఎవరి చేతిలో పడితే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది కూడా.

ఈ విషయం చెప్పగానే ఏఓకి టెన్షన్ పట్టుకుంది. డిస్కులన్నిటికీ డ్రిల్లింగ్ మెషిన్‌తో బొక్కలు పెట్టేయమన్నారు. లేదంటే ఏడుసార్లు తుడవాలట, ఎవరో చెప్పారట. ఈ ఏడుసార్లు, 35 సార్లు అనే మాటలు పాతకాలం డిస్కుల నాటివి. ఆ 35 లెక్క పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన పేపర్ నుంచి వచ్చింది, అప్పటి డిస్కులు రాసే పద్ధతులను దృష్టిలో పెట్టుకుని. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 800-88 మార్గదర్శకాల ప్రకారం ఇప్పటి మాగ్నెటిక్ డిస్కుని బయటివాళ్లు మామూలు పద్ధతుల్లో చదవకుండా చేయడానికి మొత్తం ఒక్కసారి పైరాత రాసి, సరిచూస్తే సరిపోతుంది. చిప్‌ల మీద డేటా దాచే ఎస్ఎస్‌డీ అయితే ఈ లెక్క కుదరదు. అందులో రాత ఎక్కడ పడుతుందో దాని కంట్రోలరే నిర్ణయిస్తుంది కాబట్టి, డ్రైవ్‌కే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం ఇవ్వాలి. ఈ లాట్‌లో ఎస్ఎస్‌డీలు లేవు.

కాగితం మీద ఇలా రాసుకున్నాం: పాసైన డిస్కు ఎన్‌వైప్ అనే డిస్కు తుడిచే ప్రోగ్రామ్‌తో ఒక పాస్ సున్నాలు, ఆపై వెరిఫై. ఎన్‌వైప్ పూర్తి కాని ప్రతి డిస్కుకూ డ్రిల్. ఏఓ ఒప్పుకున్నారు.

మేం చేసే వరుస చాలామంది తిరగేస్తారు కాబట్టి వివరంగా చెబుతాను. ముందు స్మార్ట్ రీడింగ్, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే నంబర్ల లెక్క, తీసి దాచుకోవాలి. తర్వాత వైప్. తర్వాత మళ్లీ స్మార్ట్. ఎందుకంటే డిస్కులో ఒక సెక్టార్ (డేటా దాచే చిన్న గడి) చదవడానికి మొరాయిస్తే డ్రైవ్ దాన్ని వెంటనే మార్చదు, 'పెండింగ్' అని 197వ నంబర్ కింద లెక్కలో ఉంచుతుంది. ఆ చోట కొత్తగా ఏదైనా రాసినప్పుడే తేలుతుంది: రాత నిలబడితే పెండింగ్ లెక్కలోంచి తీసేస్తుంది, నిలబడకపోతే స్పేర్ సెక్టార్‌కి మార్చి 5వ నంబర్ లెక్క పెంచుతుంది. వైప్ అంటే డిస్కు మొదటి అంచు నుంచి చివరి అంచు దాకా రాయడమే కదా! దాచుకున్న రోగాలన్నీ అప్పుడు బయటపడతాయి. వైప్‌కి ముందు చూస్తే సున్నా, తర్వాత చూస్తే 5వ నంబర్‌లో 40 ఉన్న డిస్కులు ఈ లాట్‌లోనే కనిపించాయి. ముందు రీడింగ్ చూసి పాస్ కొట్టే బెంచిలో అవి బడికి వెళ్లిపోయేవి.

మా కొలత: 5, 197, 198 (చదవలేకపోయిన సెక్టార్ల లెక్క), ఈ మూడింటిలో దేనిలోనైనా సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా ఫెయిల్. బజార్లో ఇంత కఠినంగా ఎవరూ ఉండరు, నాలుగైదు రీమ్యాప్ సెక్టార్లతో ఏళ్ల తరబడి పనిచేసే డిస్కులు ఉన్నాయి. అయినా బడికి వద్దు.

199 మాత్రం వేరు. అది డిస్కుకీ బోర్డుకీ మధ్య దారిలో వచ్చిన తప్పుల లెక్క, చాలావరకు సాటా కేబుల్ దోషం. మా దగ్గర పని నేర్చుకుంటున్న ఐటీఐ కుర్రాడు 199లో వేలల్లో అంకె చూసి డిస్కుని ఫెయిల్ కుప్పలో పడేశాడు. కేబుల్ మార్చి మళ్లీ వైప్ పెట్టించాను. అంకె అక్కడే ఆగింది, ఒక్కటి కూడా పెరగలేదు. ఆ లెక్క ఎప్పటికీ సున్నాకి రాదు, పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. ఆ డిస్కు ఇప్పుడు ఒక బడిలో టీచర్ కంప్యూటర్‌లో బ్యాకప్‌గా ఉంది. కేబుల్ కత్తిరించి పారేశాం, పక్కన పెడితే ఎవరో ఒకరు మళ్లీ వాడతారు.

పవర్-ఆన్ అవర్స్ కూడా కథలు చెబుతుంది. ఏడాదికి 8,760 గంటలు. ఒక డిస్కులో 60 వేలు దాటింది, అంటే దాదాపు ఏడేళ్లు ఆపకుండా తిరిగింది. ల్యాబ్‌లో దాన్ని సర్వర్‌గా వాడి ఉంటారు. రీమ్యాప్‌లు లేవు, అయినా పక్కన పెట్టాం. ఇంకొకదాంట్లో లేబుల్ మీద 2012, గంటలు మాత్రం మూడొందలు. కనెక్టర్ మీద గీతలు, స్క్రూ తలలు అరిగి ఉన్నాయి. మధ్యలో ఎక్కడో స్మార్ట్ లెక్క చెరిపేసి 'రిఫర్బిష్డ్' అని అమ్మిన డిస్కు అది. ఇలాంటివి మార్కెట్లో మామూలే. అంకె మరీ అందంగా ఉంటే లేబుల్ తేదీతో పోల్చి చూడండి.

హెచ్61 యంత్రాల్లో ఉన్న 40 డిస్కుల్లో 24 నిలిచాయి. ఫెయిల్ అయినవాటికి డ్రిల్ వేశాం, కళ్లకు గాగుల్స్ తప్పనిసరి. 3.5 అంగుళాల డిస్కుల ప్లాటర్లు ఎక్కువగా అల్యూమినియం, బొక్క పడుతుంది. ల్యాప్‌టాప్ డిస్కుల్లో గాజు ప్లాటర్లు ఉంటాయి, అవి పేలినట్టు ముక్కలవుతాయి.

స్విచ్ ప్రాబ్లం కాదు

కాలేజీ వాళ్లు ఏడెనిమిది కేబినెట్ల మీద మార్కర్‌తో 'స్విచ్ ప్రాబ్లం' అని రాశారు. బటన్ నొక్కితే రాదు, నాలుగైదుసార్లు నొక్కితే వస్తుంది. ఒకసారి వచ్చాక రోజంతా బాగానే నడుస్తుంది. మా దగ్గర ఆ బటన్లన్నీ శుభ్రంగా పనిచేశాయి. దోషం ఎస్ఎంపీఎస్‌లోని 5 వోల్ట్ స్టాండ్‌బై లైన్‌ది, అంటే ఊదారంగు వైరు. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ ఆ సర్క్యూట్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి దాని కెపాసిటర్ ముందుగా ఎండిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు వోల్టేజ్ సరిగా నిలబడదు, వేడెక్కాక నిలబడుతుంది.

ఈ లోపం మధ్యాహ్నం టెస్ట్ చేస్తే దొరకదు. అందుకే ఉదయం టెస్ట్ అని ఒకటి పెట్టాం. సాయంత్రం అన్నిటి ప్లగ్ పీకేసి, తెల్లారి షట్టర్ ఎత్తగానే ప్లగ్ పెట్టి ఒక్కసారి నొక్కడం. రెండోసారి నొక్కాల్సి వస్తే ఆ ఎస్ఎంపీఎస్ ఫెయిల్. దీనికి పరికరం అక్కర్లేదు, ఖర్చు లేదు. అయినా ఇది చేసే బెంచిలు నేను పెద్దగా చూడలేదు.

ఆకుపచ్చ వైరుని నల్లవైరుకి కలిపి ఫ్యాన్ తిరిగితే ఎస్ఎంపీఎస్ ఓకే అనే పద్ధతి కూడా ఉంది. అది చనిపోయిందా లేదా అన్నదే చెబుతుంది. లోడ్ లేకుండా దాదాపు ప్రతి ఎస్ఎంపీఎస్ 12 వోల్టులు చూపిస్తుంది. ఈ లాట్‌లో 17వ నంబర్ యంత్రం దానికి మంచి ఉదాహరణ. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక పూర్తి పాస్ క్లీన్. డిస్కు క్లీన్. ఉదయం టెస్ట్ పాస్. బర్న్-ఇన్‌లో, అంటే గంటల తరబడి పూర్తి లోడ్ మీద నడిపే పరీక్షలో, పెట్టిన కాసేపటికి దానంతటదే రీస్టార్ట్. మళ్లీ పెడితే మళ్లీ అంతే. కుర్రాడు ర్యామ్ మార్చాడు, ప్రాసెసర్‌కి పేస్ట్ మార్చాడు. "అన్నా, బోర్డే పోయినట్టుంది, పార్ట్స్‌లో పడేద్దామా?" అన్నాడు.

మీటర్ పిన్నులు ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల కనెక్టర్‌లో గుచ్చాం, పసుపుకీ నలుపుకీ మధ్య. ఖాళీగా ఉన్నప్పుడు 11.9. లోడ్ పెట్టే ప్రోగ్రామ్ స్ట్రెస్-ఎన్‌జీ మొదలుపెట్టగానే 11.6. అక్కడే కూర్చుని చూశాం. ఎస్ఎంపీఎస్ వెనక గాలి వేడెక్కే కొద్దీ 11.4, 11.3, 11.2... స్క్రీన్ నల్లబడింది. ఏటీఎక్స్ ప్రమాణంలో 12 వోల్టుల లైనుకి ఐదు శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారు, అంటే 11.4 నుంచి 12.6. కింది హద్దు దాటిన తర్వాతే పడిపోయింది. వేరే ఎస్ఎంపీఎస్ పెడితే రాత్రిదాకా నడిచింది. అక్కడితో ఆపకుండా ఆ అనుమానపు ఎస్ఎంపీఎస్‌ని బాగున్న యంత్రానికి తగిలించాం. అదీ రీస్టార్ట్ అయింది. ఇలా రెండువైపులా మార్చి చూస్తేనే తీర్పు ఖాయం. ఒకవైపే మారిస్తే కనెక్టర్ కదిలినందుకు బాగైందో, పార్టు మారినందుకు బాగైందో చెప్పలేం.

ఇలా 42లో 14 ఎస్ఎంపీఎస్‌లు పోయాయి. విప్పి కెపాసిటర్ మార్చి నడిపించొచ్చు, నేను ఒప్పుకోను. లోపల పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్ పీకాక కూడా 320 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉండొచ్చు. పని నేర్చుకునే పిల్లలున్న చోట ఆ డబ్బా మూత తెరవకూడదు.

మిగతావి త్వరగా

ర్యామ్‌లో తలనొప్పి తక్కువే. బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది తిరిగి గుచ్చితే 'నో డిస్‌ప్లే' అన్న యంత్రాల్లో సగం లేచి కూర్చున్నాయి. చివరికి పూర్తిగా పోయిన బోర్డులు ఆరే. ఇంకో అయిదింటికి ల్యాన్ పోర్టు గానీ వెనక యూఎస్‌బీలు గానీ పనిచేయలేదు కాబట్టి స్పేర్స్‌లో పెట్టాం.

బర్న్-ఇన్ మధ్యాహ్నం ఎండలో, గది ఫ్యాన్ ఆపేసి, కేబినెట్ మూత వేసి చేశాం. రేకుల గదిలో ఉండబోయే యంత్రానికి ఏసీ గదిలో టెస్ట్ దేనికి? ప్రాసెసర్ వేడి 90 దాటినవి కొన్ని వచ్చాయి. వాటిలో ఎక్కువవాటికి పేస్ట్ ఎండడం కారణం కాదు. ఇంటెల్ కూలర్‌కి నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి కదా, ఒకటి సరిగా దిగక కూలర్ ఒకవైపు లేచి ఉంది. బోర్డుని వెనక్కి తిప్పి నాలుగు పిన్నులూ విచ్చుకున్నాయో లేదో చూడాలి. పైనుంచి చూస్తే తెలియదు.

బయోస్‌లో రెండు సెట్టింగులు మార్చాం. డిస్కు నడిచే సాటా మోడ్ పాత ఐడీఈలో ఉంటే కొత్త ఏహెచ్‌సీఐకి. కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే ఆన్ అవ్వకుండా ఆఫ్‌కి. కరెంటు తిరిగొచ్చిన క్షణంలో వోల్టేజ్ ఎగిరిపడుతుంది, సరిగ్గా అప్పుడే పదిహేను యంత్రాలు ఒక్కసారి లేవడం మంచిది కాదు.

పాసైన ప్రతిదానికీ కొత్త ఎస్ఎస్‌డీ. హెచ్61లో సాటా వేగం 3 గిగాబిట్లే, ఎస్ఎస్‌డీ పూర్తి వేగం రాదు. అయినా తేడా రాత్రికీ పగలుకీ ఉన్నంత కనిపిస్తుంది. డబ్బు పెట్టదలచుకుంటే ఈ ఒక్కదాని మీదే పెట్టండి. ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. తెలుగు మేడమ్‌కి ఒక చిక్కు వచ్చింది: పాత ప్రశ్నాపత్రాలు డీటీపీ సెంటర్‌లో యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టించినవి, ఇక్కడ తెరిస్తే పిచ్చిగీతలు. అది హార్డ్‌వేర్ లోపం కాదని చెప్పి ఒప్పించడానికి టెస్టింగ్ కన్నా ఎక్కువ ఓపిక పట్టింది.

ఆన్ అయినా పంపనివి

జీ41 యంత్రాల దగ్గర మా బెంచి మీద వాదన జరిగింది. "అన్నా, పద్దెనిమిదిలో పదహారు ఆన్ అవుతున్నయి. స్క్రాప్ ఎందుకు?" కుర్రాడి ప్రశ్నలో న్యాయం ఉంది.

వాటిలో ఉన్నది 2 జీబీ. పెంచుదామంటే ఇప్పుడు చవగ్గా దొరికే 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌కి ఎనిమిది చిప్పులుంటాయి, ఒక్కో చిప్పులో సాంద్రత ఎక్కువ. జీ41 చిప్‌సెట్ దాన్ని గుర్తించదు, నల్ల స్క్రీన్. పదహారు చిప్పులున్న పాత రకం 4 జీబీ కావాలి, అది వెతికి తెచ్చే ధరకి ఇంకో హెచ్61 బోర్డే వస్తుంది. రెండు జీబీతో బ్రౌజర్‌లో రెండు ట్యాబ్‌లు తెరిస్తే మౌస్ ఆగిపోతుంది. బడికి పంపితే పిల్లలకు తెలిసేది కంప్యూటర్ అంటే నత్త అని. మన ఇంట్లో పెట్టుకోలేనిదాన్ని దానం పేరుతో పక్కింట్లో దించడం నాకు ఇష్టం లేదు.

అలాగని అన్నిటినీ తూకానికి వేయలేదు. ఎనిమిదింటిని ఒక ఐటీఐ తీసుకుంది, విప్పి బిగించే ప్రాక్టీస్‌కి. ప్రాసెసర్ తీయడం, కూలర్ బిగించడం, ఎస్ఎంపీఎస్ వైర్ల రంగులు నేర్చుకోవడం, ఇవన్నీ ఆ యంత్రాల మీద భయం లేకుండా చేయొచ్చు. ఎంత నెమ్మదిగా నడిచినా అక్కడ పట్టింపు లేదు. మిగతా పది రీసైక్లర్‌కి వెళ్లాయి.

డబ్బా మానిటర్లు ఆన్ కూడా చేయలేదు. పిక్చర్ ట్యూబ్ గాజులో సీసం ఉంటుంది, పగలకుండా అలాగే పంపాలి. పాత ఎల్‌సీడీల్లో వెనక సన్నటి ట్యూబ్‌లైట్లు ఉంటాయి, వాటిలో పాదరసం ఉంటుంది కాబట్టి అవి విరిగిన ప్యానెల్స్ విడిగా కట్టించాం. ల్యాబ్ యూపీఎస్ బ్యాటరీలకు వేరే నిబంధనలు, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు, కాబట్టి వాటికి వేరే లిస్టు.

బోర్డుల విషయంలో రీసైక్లర్ మాకు పెట్టిన షరతు ఒక్కటే: పూర్తిగా ఇవ్వండి. కబాడీ దారిలో రాగి, హీట్‌సింక్, ప్రాసెసర్ వంటి లాభసాటివి ముందే ఊడిపోతాయి. రాగి కోసం కేబుళ్లు కాలుస్తారు, బంగారం కోసం బోర్డుని యాసిడ్‌లో ముంచుతారు. ఢిల్లీ సీలంపూర్‌లోనూ, మొరాదాబాద్‌లోనూ ఏళ్లుగా జరుగుతున్నది ఇదే. అన్నీ పీకేసిన బోర్డుని ఖర్చుపెట్టి సరిగ్గా రీసైకిల్ చేయడానికి ఎవరూ ముందుకు రారు.

చివరికి 31 పూర్తి యంత్రాలు తేలాయి. మంచి ఎస్ఎంపీఎస్‌లు 28 ఉంటే మూడు కొన్నాం. బడికి పదిహేను చొప్పున, ఒకటి స్పేర్.

బడి గదిలో

మొదటి బడిలో పెట్టిన వారానికి హెచ్ఎం సార్ ఫోన్. "సార్, కంప్యూటర్లు షాక్ కొడుతున్నయి. పాతవి కదా, పిల్లల్ని ముట్టుకోనిస్తలేను." మా బెంచి మీద ఒక్కటీ షాక్ కొట్టలేదు. మీటర్ తీసుకుని వెళ్లాం.

కేబినెట్‌కీ నేలకీ మధ్య 110 వోల్టుల చిల్లర చూపించింది. సాకెట్ విప్పితే విషయం తెలిసింది. మూడో పిన్ను ఉంది, దాని వెనక వైరు ఉంది, ఆ వైరు బయట గోడ దగ్గర కత్తిరించి ఉంది. ఎర్త్ లేదు. ప్రతి ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి కేబినెట్‌కి కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్ది లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే కేబినెట్ మీద 230లో సగం నిలబడుతుంది. ఒక్క యంత్రమైతే చెయ్యి కాస్త జివ్వుమంటుంది. పదిహేను యంత్రాల ఎర్త్ పిన్నులు ఒకే వైరుకి కలిసి, ఆ వైరు ఎక్కడికీ పోకపోతే, అన్నిటి లీకేజీ ముట్టుకున్న పిల్లాడి గుండా వెళ్తుంది. షోరూమ్ నుంచి కొత్తవి తెచ్చి పెట్టినా ఆ గదిలో ఇదే జరిగేది. హెచ్ఎం సార్‌కి నమ్మకం కలగాలని బడి ఆఫీసులో ఉన్న కొత్త కంప్యూటర్ తెచ్చి అదే సాకెట్‌కి పెట్టి మీటర్ చూపించాం. అంతే వచ్చింది.

ఎలక్ట్రీషియన్‌తో ఆవరణలో ఎర్త్ పిట్ తవ్వించారు, జీఐ పైపు, ఉప్పు, బొగ్గు. అది పూర్తయి, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230కి దగ్గరగా, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు వచ్చేదాకా మెయిన్ ఆపి ఉంచాం. ఎండాకాలంలో గుంతలో నీళ్లు పోస్తూ ఉండమని అటెండర్‌కి చెప్పాం.

మా టెస్ట్ షీట్‌లో ఇప్పుడు గదికి కూడా ఒక కాలమ్ ఉంది: ఎర్త్ రీడింగ్, సాకెట్ల వైరింగ్, ఒకే లైను మీద ఎన్ని యంత్రాలు. రెండో బడికి ఆ కాలమ్ నిండాకే బండి కదిలింది. అక్కడ ఎర్త్ బాగానే ఉంది. మూడు సాకెట్లలో మాత్రం ఫేజ్, న్యూట్రల్ తారుమారుగా ఉన్నాయి, లైన్‌మన్‌గా చేసి రిటైరైన ఒక విద్యార్థి తాతయ్య వచ్చి ఆ పూటే సరిచేశారు.